ఎడంచేతి గంజి

నిన్న పొద్దున ఊరవతలి మోవా నుంచి పాలు తెచ్చే రౌతాయిన్, గిన్నెలో పాలు పోస్తూనే, వాన పడిందన్నంత మామూలుగా చెప్పింది. "కుకుర్ వాలా బబా గుజర్ గే, బాయీ."

కుక్కల ముసలాయన పోయాడు.

మాట చెవిలో పడింది గాని లోపలికి దిగలేదు. నా చేతిలో గిన్నె ఒరిగింది. "అరే బాయీ, దూధ్!" అని రౌతాయిన్ అరిచేసరికి పాలు గడప మీంచి మెట్టు దాకా పారాయి. ఆయన ముసలివాడని తెలుసు. ఈమధ్య కర్ర లేకుండా నడవడం లేదనీ తెలుసు. అయినా ఆయనకి చావు వస్తుందన్న సంగతి నాకెందుకో ఎప్పుడూ తట్టలేదు. చావుని గంపలో పెట్టుకుని తిరిగిన మనిషిని అది ప్రత్యేకంగా వెతుక్కుంటూ వస్తుందని అనుకోలేదు.

ఆయన పేరు నాకు తెలియదు. ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఈ ఊళ్ళో, రైల్వే క్వార్టర్లలో తెలుగువాళ్ళం 'గంజి తాత' అనేవాళ్ళం. మాట తీరుని బట్టి మా శ్రీకాకుళం వైపు మనిషే. ఏ ఊరని అడిగితే మాత్రం "ఊరొగ్గీసినాక ఊరి పేరుతో ఏటి పని తల్లీ?" అనేవాడు. ఏం పని చేస్తావంటే, "సఫాయీలో" అని ఒక్క ముక్క చెప్పి కుక్క వైపు తిరిగేవాడు.

కుక్క దగ్గరికి ఆయన వెళ్ళే పద్ధతి ఒకటి ఉండేది. నేరుగా వెళ్ళడు. నాలుగు బారల దూరంలో గొంతుక్కూచుని, అసలు కుక్కనే చూడనట్టు ఎటో చూస్తూ ఉంటాడు. ఎడం అరచెయ్యి నేల మీద వెల్లకిలా పెడతాడు. కుడిచెయ్యి వీపు వెనక దాచుకుంటాడు. కాసేపటికి కుక్కే వచ్చి ఆ అరచెయ్యి వాసన చూస్తుంది. అప్పుడు పెదవి పైకెత్తి చిగుళ్ళ రంగు చూస్తాడు, పొట్టకి చెవి ఆనించి వింటాడు. కుక్క దొడ్డికెళ్ళిన చోట పుల్లతో కదిపి, మా అత్తగారు బియ్యంలో రాళ్ళేరినంత శ్రద్ధగా పరీక్ష చేస్తాడు. ఇదంతా ఒంటిచేత్తోనే. కుడిచెయ్యి వీపు వెనకే ఉండేది.

ఆయన మొదటిసారి మా పెరట్లోకి వచ్చింది యుద్ధం రోజుల్లో. అప్పటికి నాకు ముప్ఫై. పిల్లల్లేరు. మావారు గూడ్సు ఆఫీసులో గుమస్తా. అత్తగారి మాటలు తట్టుకోలేనప్పుడు నేను పెరట్లోకి పోయి మచ్చగాడితో చెప్పుకునేదాన్ని. మచ్చగాడు మా కుక్క. తెల్లటి ఒళ్ళు, ఒక చెవి నలుపు. వీధిలోంచి వచ్చి మా బొగ్గుల కొట్టు పక్కన పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. మా ఇంట్లో మిగిలిన చింతపండు పులుసన్నం, ఆవకాయ కలిపిన మెతుకులు, నూనె కారే గారెముక్కలు, ఏది పెట్టినా తినేవాడు. ఒకరోజు కక్కడం మొదలుపెట్టాడు. మర్నాటికి నెత్తురు విరేచనాలు. అత్తగారు ఇంగువ మజ్జిగ పట్టించమన్నారు. పట్టిస్తే అదీ కక్కేశాడు.

దడి మీంచి ఒక తలపాగా కనిపించింది.

"ఏటెట్టినావమ్మా ఆ గుంటడికి?"

నేను చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, "సింతపండు, మిరప్పొడి, నూని. బావున్నాది. మనిషైతే తిట్టును, కుక్క కాబట్టి ఊరుకున్నాది" అన్నాడు.

ఆ రోజంతా తిండి వద్దన్నాడు. నీళ్ళు మాత్రం, రవ్వంత ఉప్పు వేసి, గుక్కెడు గుక్కెడుగా. "ముందు కాళీ. కాళీ కడుపే మందు. మరునాడు గెంజి." మర్నాడు తనే మట్టి దాకలో బియ్యం మెత్తగా ఉడకబెట్టి, వడకట్టి, చల్లార్చి, ఎడంచేతి వేళ్ళతో కుక్క నాలిక మీద నాలుగు చుక్కలు వేశాడు. మూడోనాడు అన్నం పిసికి, ఉడికించిన గుమ్మడిముక్క కలిపాడు. నాలుగోనాడు పెరుగునీళ్ళు. పాలు వద్దు, ఉల్లిపాయ తగలనీకూడదు, ఒకేసారి గిన్నెడు పెట్టకూడదు. మూడేసి ముద్దలు, ఆరుసార్లు. అయిదోనాడు, "కోడిగుడ్డు ఉడకేసి పచ్చసొన తీసి ఎడితే బలమొస్తాది" అన్నాడు. అత్తగారు వంటింట్లోంచే "శివశివా!" అన్నారు. ఆయన నవ్వి, గుడ్డు తన దాకలో, మా దడి అవతల ఉడకబెట్టుకొచ్చాడు.

మచ్చగాడు బతికాడు. అప్పణ్ణించి మా వాకట్లో గంజి తాతకి చనువు.

చనువైతే ఏర్పడింది గాని మా ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. ఒక పండగనాడు విస్తట్లో బూరెలు పెట్టి ఇచ్చాను. "నాను ఒండుకున్నదే తింటానమ్మా. ఇంకోరి సేతి కూడు నాకు పడదు" అన్నాడు. అత్తగారికి ఇది నచ్చలేదు. "చూశావుటే అమ్మాయ్, మనకంటే మడి ఆయన! మన చేతి వంట పనికిరాదట!" అన్నారు. ఒకరోజు ఆయన మా చింతచెట్టు కింద తన అన్నం మూట విప్పి ఎడంచేత్తో తింటుంటే ఆవిడ చూశారు. ఇక చెప్పక్కర్లేదు. "తిండి ఎడంచేత్తోనా! ఏం మనిషే వీడు?"

"కుడిచేతికి దెబ్బ తగిలిందా తాతా?" అని నేనడిగాను.

"దెబ్బ నేదు. కుడిసెయ్యి పనికి పోతాది తల్లీ. ఇది తిండికి."

నాకు అర్థం కాలేదు. పెద్దగా అడగాలనీ అనిపించలేదు.

ఆయన పెట్టిన నియమాల్లో అన్నిటికంటే గట్టిది జులాబు రోజు. నెలకో రెణ్ణెల్లకో ఒక సాయంత్రం వచ్చేవాడు. "రేపు జులాబు. రేత్రికి చెంచాడు ఆముదం. తెల్లారి కూడెట్టకు. మధ్యాన్నం దాకా స్నానాల దడిలో కట్టీ. అరిసినా ఒగ్గకు. ఏడిసినా ఒగ్గకు." నాకొక్కదానికే కాదు, కుక్కలున్న ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పేవాడు. అవతలి వరసలో బెంగాలీ ఆవిడకి హిందీలో, కింద బస్తీలో వాళ్ళకి ఛత్తీస్‌గఢీలో. అమావాస్య లేదు, వారం లేదు.

"రోజెలా చూస్తావు తాతా?" అంటే, "గాలి బట్టి సెప్తానమ్మా" అనేవాడు.

నేను తూచా తప్పకుండా చేసేదాన్ని. మధ్యాహ్నం వచ్చి దడిలోంచి తొంగిచూసి, మచ్చగాడు కనిపించగానే ఆయన మొహం ఎంత వెలిగేదో! కుక్క కడుపు శుభ్రపడినందుకు మనిషికి ఇంత సంతోషమా అనుకునేదాన్ని.

ఆ ఏడు మామగారి తద్దినం ముందురోజు సాయంత్రం వచ్చాడు. "రేపు జులాబు."

"రేపు తద్దినం తాతా. ఎల్లుండి వేస్తాను."

"రేపే." గొంతు మారింది. "తద్దినవైతే అందరూ ఇంటికాడే ఉంటారు, మరీ మంచిది. ఈదిలోకి ఒగ్గకు. నా మాటినుకో."

ఆముదం పట్టించాను. తెల్లారి కట్టేశాను. మచ్చగాడు ఏడుపు మొదలుపెట్టాడు. తడిచీర కట్టుకుని వంట చేస్తున్న అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. "ఏవిటే ఆ ఏడుపు? తద్దినం పూట ఇంట్లో కుక్క అరుపు వినిపిస్తే పెద్దలు ముద్ద ముట్టరు. విప్పి వీధిలోకి తోలెయ్. భోక్తలు లేచాక పిలిచి పెట్టుకో."

"తాత వద్దన్నాడండీ."

"ఏ తాత? నీకు మామగారు ఎక్కువా, ఆ ఎడంచేతి తాత ఎక్కువా?"

పెద్దల భోజనం కాకుండా ఇంట్లో ఎవరికీ మెతుకు పెట్టకూడదు. కాబట్టి ఓ ముద్ద పెట్టి వాణ్ణి ఊరుకోబెట్టడానికీ లేదు. నేనే తాడు విప్పాను. ఆముదం పట్టించిన కడుపుతో, రాత్రి నుంచీ ఖాళీగా ఉన్న కుక్కని నా చేత్తోనే వీధిలోకి తోలి తలుపు వేశాను.

పురోహితుడు వచ్చాడు. మావారు పీట మీద కూచున్నారు. మంత్రం నడుస్తోంది. అప్పుడు వెనక తలుపు ధడేలుమంది.

గంజి తాత. చేతుల్లో మచ్చగాడు. కుక్క కాళ్ళు కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. ఆయన భుజానికి మూతవేసిన గంప వేలాడుతోంది. తలపాగా ఎక్కడో పడిపోయింది.

"ఉప్పు! ఉప్పునీళ్ళు తల్లీ! బేగి!"

పురోహితుడు లేచి నిలబడ్డాడు. మావారు చేతిలో నువ్వులతో అలాగే ఉండిపోయారు. ముందు కదిలింది అత్తగారు. మడి కట్టుకున్న మనిషి, వంటింట్లోంచి ఉప్పుజాడీ ఎత్తుకొచ్చి, ఆ మనిషికీ కుక్కకీ మధ్య నేల మీద పెట్టారు. చెంబుతో నీళ్ళు కూడా ఆవిడే పోశారు.

ఆయన పళ్ళు విడదీసి ఉప్పునీళ్ళు పోశాడు. మచ్చగాడు కక్కాడు. మళ్ళీ పోశాడు. మళ్ళీ కక్కాడు. మూడోసారి ఏదో మాంసపు ముద్ద బయటపడింది. ఆయన దాన్ని కుడిచేత్తో తీసి గంపలో పడేశాడు. ఆ చెయ్యి వీపు వెనకనుంచి బయటికి రావడం నేను చూడ్డం ఆ రోజే మొదలు.

"ఎవరు పెట్టారు తాతా? ఏ పాపిష్ఠివాడు పెట్టాడు?" నేను అరిచాను.

"అరవకు. సప్పుడైతే బిగుసుకుపోతాడు." ఆయన తల ఎత్తలేదు. "నానే ఎట్టినానమ్మా."

అర్థం కాక మళ్ళీ అడిగాను.

"నా సేతిదే తిన్నాడు. మబ్బేసి మసక మసగ్గా ఉన్నాది. ఇసిరినాను. తోకాడించుకుంటా నాకాడికే వొచ్చీసినాడు. నా సేతి వాసన ఎరిగినోడు కదా! ఎవుడో సూసేతలికి మింగీసినాడు."

గంప మూత పక్కకి తొలగి ఉంది. లోపల అలాంటి మాంసపు ముద్దలే. నేను ముద్దల వంకా ఆయన వంకా చూస్తున్నాను. గంజి వడకట్టిన మనిషి, గుమ్మడిముక్క మెదిపిన మనిషి, ఊళ్ళో కుక్కలకి విషం పెట్టే మనిషి. ముగ్గురూ ఒకరేనన్న సంగతి నా బుర్రలో ఒకచోట కుదురుకోవడం లేదు.

"జులాబు రోజులంటే..." అన్నాను.

"ఆ రోజులే తల్లీ. పని రోజులు. ముందుగా సెప్పకూడదు, సెప్తే పనిచ్చిన ఠేకేదారు ఊరుకోడు. అందుకని జులాబన్నాను."

పొట్ట ఖాళీ చేయించడం, దడిలో కట్టించడం, మధ్యాహ్నం తొంగిచూసి మొహం వెలిగించుకోవడం. ఇన్నాళ్ళూ నేను ఆరోగ్యం అనుకున్నదంతా కళ్ళముందు తిరగబడింది. పనిరోజు మర్నాడు పొద్దున ఊరంతా ఎలా నిశ్శబ్దంగా ఉండేదో, ఆ నిశ్శబ్దం నాకు ఎంత హాయిగా ఉండేదో అప్పుడు గుర్తొచ్చింది.

"ఎన్నిటిని చంపావు?"

"లెక్కెట్టను."

"మానెయ్యొచ్చుగా!"

"నాను మానీసితే ఇంకోడొస్తాడు. ఆ ఇంకోడు మీకు జులాబు రోజు సెప్పడు."

నాకు కోపం వచ్చింది. "నా గుమ్మం తొక్కకు. ఇంకెప్పుడూ తొక్కకు" అన్నాను. ఆయన మచ్చగాణ్ణి బొగ్గుల కొట్టులో చీకట్లో పడుకోబెట్టి, గోనెపట్టా కప్పి, "సప్పుడు సెయ్యకండి. రేపు పొద్దుటిదాకా కాళీ. తరవాత గెంజి, సుక్కలు సుక్కలు" అని చెప్పి, గంప భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం నేను ఏడుస్తూ, "ఇలాంటి పాపిష్ఠి పని ఎవరు చెయ్యమన్నారు వాళ్ళని?" అన్నాను. "మనమే" అన్నారు మావారు.

అంతకు ముందు ఏడు మా వరసలో ఒక ఫిట్టరు కూతురు, ఎనిమిదేళ్ళ పిల్ల, పిచ్చికుక్క కరిచి చనిపోయింది. దాని మీద కాలనీవాళ్ళు అర్జీ పెట్టారు. ఒకాయన కాగితం పట్టుకుని ఇంటింటికీ వచ్చాడు. "వీధులు బాగుచెయ్యమని అర్జీ అమ్మా, వేలిముద్ర వెయ్యండి" అన్నాడు. నాకు అది గుర్తుంది. సిరా డబ్బీ గుర్తుంది. అన్నం వారుస్తూ కుడిచెయ్యి ఖాళీ లేక, ఎడంచేతి బొటనవేలు చాచాను. ఆయన దాన్ని పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు. వీధికుక్కలన్నిటినీ తీసెయ్యాలని అందులో ఉందట. ఇంగ్లీషులో ఉందట.

"నాకు చెప్పలేదేం?" అన్నాను మావారితో.

"నువ్వు అడగలేదుగా" అన్నారు. ఆయన సంతకం కూడా ఉంది అందులో.

ఆ రాత్రి వేలు తోముకున్నాను, ఏడాది కిందటి సిరా ఇంకా ఉన్నట్టు.

మచ్చగాడు చావలేదు గాని కడుపు పాడైపోయింది. నేను వండిన గంజి నిలవలేదు. మూడోనాటికి లేవలేకపోయాడు. నాలుగోనాడు నేనే రౌతాయిన్‌ని పంపి ఆయన్ని పిలిపించాను. గుమ్మం తొక్కకన్న మనిషిని నేనే రమ్మన్నాను. ఆయన గుమ్మం తొక్కలేదు. దడి అవతలే మూడు రాళ్ళు పెట్టి గంజి కాచాడు. దాక దడి మీంచి అందించాడు. ఎడంచేత్తో.

"నువ్వెట్టు తల్లీ. నా అడుగు సప్పుడింటేనే వొణుకుతున్నాడు."

నిజమే. ఆయన దగ్గినా చాలు, మచ్చగాడు గోనె కిందికి దూరిపోయేవాడు. ఇరవై రోజులు అలాగే నడిచింది. ఆయన అటు, మేము ఇటు. "ఎన్ని సుక్కలు దిగినాయి?" "పది." "కక్కినాడా?" "లేదు." "బస్. మల్లీ పొద్దెక్కినాక." అత్తగారు కూడా దడి దగ్గరికి వచ్చి, "ఇవాళ లేచి నిలబడ్డాడయ్యా" అని తనే చెప్పిన రోజు ఆయన దడి అవతల దాక దించి, తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

మచ్చగాడు బాగుపడ్డాడు. ఇంకో ఏడేళ్ళు బతికాడు. ఆయన దగ్గరికి మాత్రం మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. ఆయన నాలుగు బారల దూరంలో కూచుని, అరచెయ్యి నేల మీద పెట్టి, ఎటో చూస్తూ ఎంతసేపున్నా రాలేదు. నాకే బాధనిపించి, "వాడికి తెలియదులే తాతా" అన్నాను.

"తెలిసినాది. మంచిదేనమ్మా. ఇంకెవురి సేతిదీ తినడు" అన్నాడు.

జులాబు రోజులు ఆ తరవాత కూడా వచ్చాయి. ఆయన చెప్పేవాడు, నేను కట్టేసేదాన్ని. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం జులాబనే అనేవాళ్ళం. దడి అవతల ఉన్న ఆ ఇరవై రోజుల్లోనూ, ఆ తరవాత ఇన్నేళ్ళలోనూ, ఆయన కనీసం పదిసార్లు నాతో అన్నాడు, "నీ గుంటడికి నాను సేసింది నువ్వు మరిసిపోగలవా తల్లీ?" అని. నేను ప్రతిసారీ "పోనీలే తాతా" అన్నాను, క్షమించే హక్కు ఉన్నదానిలాగా.

నలభై దాటాక నేను ఆడవాళ్ళ బడిలో అక్షరాలు దిద్దుకున్నాను. ముందు తెలుగు, తరవాత హిందీ. ఇంత వయసొచ్చాక ఎందుకమ్మా అని అందరూ అడిగారు. కాలక్షేపానికన్నాను.

నిన్న పాలు తుడిచి, రౌతాయిన్‌ని మెట్టు మీద కూచోబెట్టి, గంజి తాత అడిగేలాంటి ప్రశ్నలే అడిగాను. ఏమైంది? కడుపునొప్పి, పది రోజులుగా. ఏం తిన్నాడు? ఏమీ తినలేదు. వాళ్ళూ వీళ్ళూ తెచ్చి పెట్టినవి ముట్టలేదు. వండుకోవడానికి లేవలేకపోయాడు. ఆఖరికి మొన్న పొద్దున ఈమె పసియా, అంటే వార్చిన గంజి, గిన్నెలో తీసుకెళ్ళింది. తల అడ్డంగా తిప్పాడట. ఈమె బతిమాలిందట. అప్పుడు కళ్ళు తెరిచి ఒక మాటన్నాడట.

"డేరీ హాథ్ లే ఖవా."

ఎడంచేత్తో పెట్టు.

"మతి పోయిందనుకున్నా బాయీ" అంది రౌతాయిన్. "ముసలాయనకి ఎవరైనా ఎడంచేత్తో తినిపిస్తారా? అయినా ఏం చేస్తాను, అలాగే పెట్టాను. మూడు గుక్కలు తాగాడు. బస్ అన్నాడు. ఎందుకన్నాడో నీకేమైనా తెలుసా?"

తెలుసు. ఆయన లెక్కలో తిండిచెయ్యి అదే. కాని ఆమెకి చెప్పలేదు. ఆవిడ పాలబిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

కుడిచెయ్యి ఏ పని చేసిందో ఆయన నాకు చెప్పాడు. కుక్కని మోసుకొచ్చి, మొహం మీదే చెప్పాడు. అర్జీ కాగితం మీద నా ఎడంచెయ్యి ఏ పని చేసిందో నేను ఆయనకి చెప్పలేదు. పన్నెండేళ్ళు ఉంది నాకు, చెప్పడానికి. దడి అవతలే ఉండేవాడు.